చిక్కడపల్లి నుంచి గచ్చిబౌలికి కరెంటు బండి మీద

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకు ఇంటికీ ఉద్యోగానికీ మధ్య దూరం గత పాతికేళ్ళలో బాగా పెరిగింది. ఒకప్పుడు ఈ వీధుల్లో ఉండేవారికి సచివాలయం, అబిడ్స్, కోఠి బ్యాంకులు, బషీర్‌బాగ్ ఆఫీసులు అన్నీ దగ్గరే. సైకిలు మీద వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి మళ్ళీ వెళ్ళగలిగేంత దగ్గర. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక కొత్త కొలువులు పడమటి వైపు పుట్టుకొచ్చాయి. మాదాపూర్, గచ్చిబౌలి, ఆ తర్వాత ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. ఆఫీసులు అటు చేరినా ఇళ్ళు ఇక్కడే ఉండిపోయాయి. సొంతిల్లు ఉన్నవారు కదలలేదు. పిల్లల బడి, పెద్దల వైద్యం, తెలిసిన ఇరుగుపొరుగు చాలామందిని ఇక్కడే నిలిపాయి. నగర కేంద్ర గ్రంథాలయం, దాని చుట్టూ పెరిగిన కోచింగ్ సెంటర్ల కోసం జిల్లాల నుంచి వచ్చి గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ, ఆ ఖర్చు కోసం ఉద్యోగం చేసేవారూ ఇక్కడే గదులు తీసుకుంటారు.

అశోక్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి దారిని బట్టి 15, 16 కిలోమీటర్లు. గచ్చిబౌలికి 20కి దగ్గర. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు అంతకన్నా ఇంకాస్త ఎక్కువ. రానూపోనూ కలిపితే రోజుకు సుమారు 40 కిలోమీటర్లు, నెలకు 26 పనిదినాలకు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. ఎలక్ట్రిక్ బండికి ఇది సాధ్యమేనా, గిట్టుబాటేనా అన్న ప్రశ్న ఈ లెక్క దగ్గరే మొదలవుతుంది.

ఎలక్ట్రిక్ బండ్లు చట్టం దృష్టిలో రెండు రకాలు. మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించని బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. పేటలో కూరగాయలకూ ట్యూషన్‌కూ అది సరిపోతుంది గాని, గచ్చిబౌలి ప్రయాణానికి పనికిరాదు. ఫ్లైఓవర్ల మీద 50, 60 కిలోమీటర్ల వేగంతో సాగే వాహనాల మధ్య 25తో నడవడం ప్రమాదం కూడా. దూరాలకు కావలసింది రెండో రకం. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా, హెల్మెట్ అన్నీ తప్పనిసరి. ఆకుపచ్చ నంబరు ప్లేటు మీద తెల్ల అక్షరాలు ఉండేది ఈ బండికే. ఈ తరగతిలో స్కూటర్లే ఎక్కువ. గేర్లు ఉండవు, క్లచ్ ఉండదు. బ్యాటరీ సామర్థ్యం సాధారణంగా రెండు నుంచి నాలుగు యూనిట్లు. కరెంటు మీటరులో తిరిగే యూనిట్టే ఇక్కడి యూనిట్టు కూడా.

ఈ మూడు పేటలకూ మెట్రో ఉంది. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వెళ్ళే ఆకుపచ్చ లైను 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు దానిమీదే ఉన్నాయి. కాకపోతే ఆ లైను ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది, ఉద్యోగాలేమో పడమట ఉన్నాయి. రాయదుర్గం వెళ్ళాలంటే ముందు పరేడ్ గ్రౌండ్ దాకా వెనక్కి వెళ్ళి నీలం లైను ఎక్కాలి. రాయదుర్గంలో దిగాక ఆఫీసు దాకా ఆటోనో షటిలో వెతుక్కోవాలి. 2025 మే 24 నుంచి మెట్రో గరిష్ఠ టికెట్టు రూ.69. మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. ఖర్చు ఒక్కటే చూసుకునే మహిళా ఉద్యోగులకు బస్సును మించినది లేదు. రాత్రి షిఫ్టులు ఉన్నవారు, మెట్రో స్టేషనుకు దూరంగా ఆఫీసు ఉన్నవారు, దారిలో పిల్లల్ని బడి దగ్గర దింపాల్సినవారు సొంత బండి వైపు మొగ్గుతారు.

బండికి ప్రధానంగా రెండు దారులు. అశోక్‌నగర్ నుంచి ఇందిరాపార్కు, తెలుగుతల్లి ఫ్లైఓవర్, సచివాలయం, ఖైరతాబాద్, పంజగుట్ట మీదుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చేరడం ఒకటి. అక్కడి నుంచి రోడ్ నంబర్ 36లో మాదాపూర్ వెళ్ళవచ్చు. రోడ్ నంబర్ 45లో వెళితే 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైన దుర్గం చెరువు కేబుల్ వంతెన దాటి ఐటీ ఆఫీసుల మధ్యకు చేరతారు. రెండో దారి నారాయణగూడ నుంచి హిమాయత్‌నగర్, లిబర్టీ, లక్డీకాపూల్, మాసాబ్‌ట్యాంక్, మెహిదీపట్నం, టోలిచౌకి మీదుగా వెళుతుంది. 2022 జనవరి 1న తెరిచిన షేక్‌పేట ఫ్లైఓవర్ వచ్చాక గచ్చిబౌలికి ఈ దారిలో సిగ్నళ్ళు తగ్గాయి. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదకు, ఔటర్ రింగ్ రోడ్డు మీదకు ద్విచక్ర వాహనాలను రానివ్వరు. శంషాబాద్ వైపు ఉద్యోగం ఉన్నవారు ఎక్స్‌ప్రెస్‌వే కింద ఉన్న రోడ్డులోనే, ఆగుతూ సాగాల్సి ఉంటుంది.

ఆగుతూ సాగే దారి పెట్రోలు బండికి నష్టం. పంజగుట్ట సిగ్నల్ దగ్గర నిలబడ్డంతసేపూ ఇంజను పెట్రోలు తాగుతూనే ఉంటుంది. ఎలక్ట్రిక్ మోటారు బండి ఆగితే తానూ ఆగుతుంది. లైట్లు, డిస్‌ప్లే వాడే కొద్దిపాటి కరెంటు తప్ప ఖర్చుండదు. బ్రేకు పట్టినప్పుడు, వాలులో దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత విద్యుత్తును బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. అందుకే నగరంలో పెట్రోలు బండి మైలేజీ పడిపోయే చోటే ఎలక్ట్రిక్ బండి మెరుగ్గా ఉంటుంది. హైవే మీద ఇది తలకిందులు అవుతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డగింత వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది. 40 నుంచి 60కి వెళితే ఆ అడ్డగింత రెట్టింపు దాటుతుంది.

జూబ్లీహిల్స్ ఎక్కుడు బ్యాటరీని తినేస్తుందన్నది చాలామంది భయం. లెక్క చూస్తే అది అంత పెద్ద విషయం కాదు. మనిషి, బండి, బ్యాగు కలిపి 200 కిలోలు అనుకుంటే, ఆ బరువును 100 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి 54 వాట్ అవర్లు కావాలి. మోటారులో పోయే నష్టం కూడా కలిపితే అది రెండు, రెండున్నర కిలోమీటర్ల ప్రయాణానికి సమానం. అందులోనూ కొంత సాయంత్రం దిగేటప్పుడు తిరిగి వస్తుంది. గాలి తక్కువున్న టైరు, వెనక కూర్చున్న రెండో మనిషి, ఖాళీ ఫ్లైఓవరు మీద పూర్తి వేగం, ఈ మూడూ కలిస్తే ఆ కొండ ఎక్కుడు కంటే ఎక్కువే ఖర్చు.

మామూలు నడకలో స్కూటరు కిలోమీటరుకు 25 నుంచి 35 వాట్ అవర్లు వాడుతుంది. 30 అనుకుంటే 3 యూనిట్ల బ్యాటరీకి కొత్తలో 90 నుంచి 100 కిలోమీటర్లు వస్తాయి. కంపెనీ ప్రకటించే దూరం ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది. అది ప్రయోగశాలలో నిర్ణీత పద్ధతిలో నడిపి ధ్రువీకరించిన సంఖ్య. రోడ్డు మీద అందులో మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల వరకు లెక్క వేసుకోవడం మంచిది. 40 కిలోమీటర్ల ప్రయాణానికి రోజుకు 1.2 యూనిట్లు చాలు. చార్జరులో వేడిగా పోయేదాన్ని కలిపితే గోడలోని ప్లగ్గు నుంచి తీసుకునేది 1.4 యూనిట్లు. నెలకు 36 యూనిట్లు.

ఇక ఖర్చు. హైదరాబాద్‌లో 2024 మార్చి తర్వాత లీటరు పెట్రోలు రూ.107 పైచిలుకు పలికింది. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండి మీద నెలకు 1,040 కిలోమీటర్లు తిరిగితే 23 లీటర్లు, దాదాపు రూ.2,470. కరెంటు వైపు లెక్క అంత సూటిగా ఉండదు. తెలంగాణలో ఇళ్ళ కరెంటు రేటు శ్లాబులను బట్టి మారుతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం నెల వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ రూ.3.40, ఆపైన రూ.4.80. వాడకం 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ రూ.5.10, ఆ తర్వాత వంద వరకు రూ.7.70. కాబట్టి బండికి పోసే కరెంటు ధర ఇంట్లో అప్పటికే ఎంత కాలుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది.

నెలకు 120 యూనిట్లు వాడే ఇంట్లో బండి వల్ల అది 156 అవుతుంది. పెరిగే బిల్లు సుమారు రూ.173. అదే 180 యూనిట్లు వాడే ఇంట్లో బండి చేరితే 216 అవుతుంది. ఫిక్స్‌డ్ చార్జీలు పక్కన పెడితే రూ.724 ఉండే బిల్లు రూ.1,143కి చేరుతుంది. అంటే ఆ 36 యూనిట్లకు రూ.419 పడుతుంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పొందే ఇంట్లో లెక్క ఇంకో రకం. 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి గనుక బండి పేరుతో రూ.1,143 పడినట్టే. అయినా పెట్రోలు ఖర్చులో అది సగానికి లోపే. ఫ్రిజ్, గీజరు వాడకం కాస్త తగ్గించి 200 గీత దాటకుండా చూసుకునే ఇల్లాళ్ళ జాగ్రత్త ఇక్కడ నేరుగా డబ్బు మిగులుస్తుంది.

రోడ్డు, దూరం, ఖర్చు మూడూ అనుకూలమే అయినప్పుడు ఈ పేటల్లో ఎలక్ట్రిక్ బండికి అసలు పరీక్ష ఇంటి దగ్గర ఎదురవుతుంది. ప్లగ్గు ఎక్కడుంది, దాని మీటరు ఎవరిది అన్నదే ఆ పరీక్ష. అశోక్‌నగర్ సందుల్లో మామూలుగా కనిపించేది నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంటు. కింద సెల్లారో స్టిల్ట్ పార్కింగో, మెట్ల పక్కన గోడకు వరసగా ఫ్లాట్ల మీటర్లు, సెల్లారులో వాచ్‌మన్ గది, నీళ్ళ మోటారు. అక్కడున్న ఒకటి రెండు ప్లగ్గులు కామన్ మీటరుకు కలిసి ఉంటాయి. ఆ బిల్లును ఇళ్ళన్నీ పంచుకుంటాయి. ఒక్కరి బండికి అందరూ డబ్బు కట్టడమేమిటని మొదటి నెలలోనే మాట వస్తుంది. మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందికి వేలాడదీయడం కొందరు వెతుక్కునే మార్గం. అది అన్నిటికన్నా ప్రమాదకరం కూడా. స్కూటరు చార్జరు తీసుకునే కరెంటు ఇస్త్రీపెట్టె కన్నా ఎక్కువేమీ కాదు. అయితే ఇస్త్రీ పది నిమిషాల్లో ముగుస్తుంది, చార్జింగ్ నాలుగైదు గంటలు సాగుతుంది. సన్నని వైరు, వదులైన ప్లగ్గు అంతసేపు వేడెక్కుతూనే ఉంటాయి.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. ఫ్లాటు సొంత మీటరు నుంచి విడిగా లైను తీసి, దానికి ప్రత్యేకంగా ఎంసీబీ పెట్టి, 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి వైరుతో, సరైన ఎర్తింగుతో బండి నిలిపే స్తంభం దగ్గర 15 ఆంపియర్ల ప్లగ్గు బిగించుకోవాలి. వరద నీరు చేరే సెల్లారైతే ప్లగ్గు ఛాతీ ఎత్తున ఉండాలి. ఇంటి కనెక్షన్‌తోనే సొంత వాహనం చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. కాబట్టి ఒక బండికి వేరే అనుమతి అక్కర్లేదు. ఒకే భవనంలో పది బండ్లు చేరి రాత్రి పదికే అన్నీ చార్జింగ్‌కు పెడితే 8 కిలోవాట్ల అదనపు లోడు పడుతుంది. అప్పుడు అపార్ట్‌మెంట్ సంఘం మంజూరైన లోడు పెంచుకోవడమో, వంతులు వేసుకోవడమో చేయాలి.

అద్దె గదుల్లో, హాస్టళ్ళలో ఉండేవారికి ఈ వీలు తక్కువ. మీటరు యజమానిది, పార్కింగు వీధిలో. అలాంటివారికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, బ్యాటరీ ఊడదీసి గదిలోకి తీసుకెళ్ళగలిగే బండి. ఒక్కో బ్యాటరీ పది కిలోలకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి లిఫ్టు లేని మేడ మీద రోజూ అది ఒక వ్యాయామమే. రెండోది, ఆఫీసులో చార్జింగ్. పెద్ద ఐటీ ప్రాంగణాల పార్కింగులో చార్జింగ్ పాయింట్లు ఉంటే పగలంతా నిలిచి ఉండే బండికి అంతకన్నా అనువైన చోటు లేదు. ఇంట్లో ప్లగ్గు లేకపోయినా ఆఫీసులో ఉంటే రోజు గడిచిపోతుంది. మూడోది, బయటి చార్జింగ్ స్టేషన్లు. కార్ల కోసం పెట్టిన ఫాస్ట్ చార్జర్ల తుపాకి చాలా స్కూటర్లకు సరిపోదు. స్కూటర్ కంపెనీల సొంత ఫాస్ట్ చార్జర్లేమో అన్ని బండ్లకూ పనిచేయవు. బండి కొనేముందు ఇంటికీ ఆఫీసుకూ మధ్య దానికి సరిపడే చార్జరు ఎక్కడుందో ఒకసారి చూసి రావడం అవసరం. తైవాన్‌లో 2015 నుంచి ఖాళీ బ్యాటరీ ఇచ్చి నిండినది తీసుకునే కేంద్రాలు వీధి వీధికీ పెరిగాయి. మన దగ్గర ఆ పద్ధతి ఎక్కువగా ఆటోలకూ డెలివరీ బండ్లకూ నడుస్తోంది.

మంటల భయం హైదరాబాద్‌కు కొత్తది కాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటల్ భవనం కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మొదలైన అగ్నిప్రమాదంలో 8 మంది చనిపోయారు. పైఅంతస్తుల గదుల్లో ఉన్నవారిని పొగ చుట్టుముట్టింది. చైనాలోని నాన్జింగ్‌లో 2024 ఫిబ్రవరి 23న ఒక బహుళ అంతస్తుల భవనంలో ఇలాగే కింది అంతస్తులో ఎలక్ట్రిక్ బండ్లు నిలిపిన చోట మంటలు రేగి 15 మంది మరణించారు. రెండు చోట్లా పోలిక ఒకటే. మంట కింద పుట్టింది, పొగ పైకి పాకింది. చైనా 2021 ఆగస్టు నుంచే ఎత్తైన భవనాల మెట్ల దారుల్లో, బయటికి వెళ్ళే మార్గాల్లో ఈ బండ్లు నిలపడాన్నీ చార్జ్ చేయడాన్నీ నిషేధించింది. మన అపార్ట్‌మెంట్లకూ అదే నియమం వర్తించాలి. చార్జింగ్ ప్లగ్గు మెట్లకూ లిఫ్టుకూ మీటర్ల గోడకూ దూరంగా ఉండాలి.

లిథియం బ్యాటరీలో ఒక సెల్ లోపం వల్లనో దెబ్బ వల్లనో వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌కు పాకుతుంది. ఒకసారి పాకడం మొదలైతే ఆపడం కష్టం. 2022 వేసవిలో దేశంలో పలుచోట్ల బండ్లు తగలబడ్డాక కేంద్రం ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేసింది. మొదటి విడత 2022 డిసెంబరు 1 నుంచి, రెండో విడత 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. వేడి పాకకుండా అడ్డుకట్ట, నీరు చొరబడని పెట్టె, ముందస్తు హెచ్చరిక వంటివి అందులో ఉన్నాయి. పాత బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు తయారీ తేదీ ఈ విడతల తర్వాతదేనా అని చూసుకోవాలి. చార్జరు బండితో వచ్చినదే వాడాలి. బండి పడిపోయి బ్యాటరీ పెట్టె సొట్టబడితే సర్వీసు సెంటరులో చూపించేదాకా ఇంట్లోకి తీసుకెళ్ళకూడదు.

వానాకాలంలో ఇంకో చిక్కు ఉంది. హుస్సేన్‌సాగర్ నుంచి పొంగే నీటిని మోసుకెళ్ళే నాలా అశోక్‌నగర్ పక్కనుంచే సాగుతుంది. గట్టి వాన పడితే పల్లపు వీధుల్లో నీళ్ళు నిలుస్తాయి, సెల్లార్లలోకీ వస్తాయి. బ్యాటరీకి ఐపీ67 రక్షణ ఉందంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునేలా పరీక్షించారని అర్థం. రాత్రంతా మునిగి ఉన్నా ఏమీ కాదని కాదు. నీట మునిగిన బండిని ఆన్ చేయకుండా, చార్జింగ్ పెట్టకుండా ముందు మెకానిక్‌కు చూపించాలి. వేసవిలో ఎండన పడి వచ్చిన బండిని అరగంట నీడన ఉంచి ఆ తర్వాతే ప్లగ్గు పెడితే బ్యాటరీకి మేలు. హైదరాబాద్ చలి ఈ బ్యాటరీలకు లెక్కలోది కాదు.

బండి ధర విషయంలో ప్రభుత్వాల చేయూత మారుతూ వచ్చింది. కేంద్రం ఫేమ్-2 పథకంలో 2021 జూన్‌లో యూనిట్ సామర్థ్యానికి రూ.15 వేలకు పెంచిన సబ్సిడీని 2023 జూన్‌లో రూ.10 వేలకు తగ్గించింది. 2024 అక్టోబరులో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లో అది రూ.5 వేలు, మరుసటి ఏడాదికి దానిలో సగం. తెలంగాణ మాత్రం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. రూ.50 వేలు దాటిన పెట్రోలు బండికి జీవితకాల పన్ను 12 శాతానికి తక్కువ ఉండదు. జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు 5 శాతమే.

బండిలో అన్నిటికన్నా ఖరీదైన భాగం బ్యాటరీ. దూర ప్రయాణికులు వారంటీని ఏళ్ళలో కాక కిలోమీటర్లలో చదువుకోవాలి. 3 ఏళ్ళు లేదా 30 వేల కిలోమీటర్లు అని రాసి ఉంటే, ఏడాదికి 12 వేలకు పైగా తిరిగే ఉద్యోగికి అది రెండున్నర ఏళ్ళలోనే తీరిపోతుంది. అదనపు సొమ్ముతో 8 ఏళ్ళు లేదా 80 వేల కిలోమీటర్ల దాకా పొడిగించే కంపెనీలు ఉన్నాయి. రోజూ రానూపోనూ 40 కిలోమీటర్లు తిరిగేవారికి అది పెట్టదగిన ఖర్చు. ఏళ్ళు గడిచేకొద్దీ బ్యాటరీ పట్టు తగ్గుతుంది. కొత్తలో 90 కిలోమీటర్లు ఇచ్చినది 70 శాతానికి దిగినా 63 ఇస్తుంది, రోజు గడుస్తుంది. కొత్తలోనే 60 ఇచ్చే చిన్న బ్యాటరీ ఆ స్థితికి వస్తే 42 దగ్గర ఆగుతుంది. అప్పుడు దారిలో ఒక వాన, ఒక డైవర్షన్ చాలు, ఇల్లు చేరడం కష్టం. అందుకే రోజువారీ దూరానికి రెట్టింపు నిజంగా ఇచ్చే బ్యాటరీ ఎంచుకోవాలన్నది పాటించదగిన కొలత.

ఇవన్నీ కలిపి చూస్తే ఈ ప్రయాణం అనుకూలించేది సొంత మీటరు నుంచి ప్లగ్గు తీసుకోగలిగినవారికి, లేదా ఆఫీసులో చార్జింగ్ దొరికేవారికి. వారికి నెలకు రూ.2 వేల వరకు మిగులు, ఇంజన్ ఆయిలు లేని సర్వీసు ఖర్చు. హాస్టల్ గదిలో ఉండి వీధిలో బండి నిలిపేవారు ఊడదీసే బ్యాటరీ ఉన్న బండి తీసుకోవాలి, లేకపోతే మెట్రోతోనే ఉండటం మేలు. అపార్ట్‌మెంట్ సంఘాలు సెల్లారులో మెట్లకు దూరంగా ఒక మూల, ఫ్లాటుకో లైను ఏర్పాటు చేసుకుంటే అద్దెకున్నవారికీ దారి దొరుకుతుంది. అడ్వాన్సు ఇచ్చి ఇల్లు మాట్లాడుకునేటప్పుడు నీళ్ళు, పార్కింగు గురించి అడిగినట్టే చార్జింగ్ ప్లగ్గు ఏ మీటరు మీద ఉందో కూడా అడిగి తెలుసుకోవాలి.